అరవై తొమ్మిదో బూత్

2025 ఆగస్టు 6. ఢిల్లీ, సుప్రీంకోర్టు. పది గంటలకల్లా ఓటింగ్ యంత్రాలన్నీ తెచ్చి అప్పగించాలని పానిపట్ డిప్యూటీ కమిషనర్‌కు కోర్టు ఆదేశం. తొంభై కిలోమీటర్ల దూరం నుంచి యంత్రాలు వచ్చాయి. లెక్కించడానికి కోర్టు రిజిస్ట్రార్ ఉన్నారు. ప్రతి అంకెకూ సాక్ష్యంగా వీడియో తీస్తున్నారు.

ఇంత హడావిడీ ఒక సర్పంచి పదవి కోసం. ఊరు హరియాణాలోని బువానా లాఖు. పోలైన ఓట్లు నాలుగు వేలు కూడా లేవు.

కథ 2022 నవంబరు 2న మొదలైంది. ఆ రోజు పంచాయతీ ఎన్నికల్లో కుల్దీప్ సింగ్ గెలిచినట్టు ప్రకటించారు. ప్రత్యర్థి మోహిత్ కుమార్ ఒప్పుకోలేదు. 69వ బూత్ లెక్క తేడాగా ఉందన్నది ఆయన అనుమానం. ఊళ్లో రచ్చబండ దగ్గర తేలే విషయం కాదు కాబట్టి పానిపట్ ఎన్నికల ట్రిబ్యునల్ మెట్లెక్కారు.

అడిగింది పెద్ద కోరికేమీ కాదు. యంత్రం తెరవండి, అంకె చూడండి, అంతే. అది పూటలో అయిపోయే పని. వాయిదాలు మాత్రం పూటలతో పోలేదు. ఏడాది గడిచింది, రెండో ఏడాదీ గడిచింది. ఆ మాట ట్రిబ్యునల్ నోట వచ్చేసరికి 2025 ఏప్రిల్ 22 అయింది. మే 7న 69వ బూత్ ఓట్లు మళ్లీ లెక్కించాలని ఆదేశించింది.

మోహిత్ వర్గం ఊపిరి పీల్చుకునేలోగా వివాదం హైకోర్టుకెక్కింది. జులై 1న పంజాబ్-హరియాణా హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. కథ మళ్లీ మొదటికొచ్చింది. మిగిలిన దారి ఒక్కటే, ఢిల్లీ.

సుప్రీంకోర్టులో మాత్రం కథ పరుగందుకుంది. జులై 31న ధర్మాసనం తాడోపేడో తేల్చే నిర్ణయం తీసుకుంది. ఒక్క 69 ఎందుకు, 65 నుంచి 70 దాకా అన్ని బూత్‌ల యంత్రాలూ ఇక్కడికే తెప్పించండి, మన రిజిస్ట్రారే లెక్కిస్తారు అంది. వాదన తర్వాత, ముందు లెక్క.

ఆ తొందరకు కారణం ఉంది. పొలం గట్టు తగాదా ముప్పై ఏళ్లు నడిచినా, చివరికి తాతకు దక్కనిది మనవడికైనా దక్కుతుంది. పొలం ఎక్కడికీ పోదు. పదవి అలా కాదు. అయిదేళ్ల పదవిలో గడిచిన నెలను ఏ తీర్పూ వెనక్కి తేలేదు.

చట్టానికీ ఈ సంగతి తెలుసు. ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల పిటిషన్లను ఆరు నెలల్లో ముగించేందుకు హైకోర్టు, దాని మీద అప్పీలును మూడు నెలల్లో తేల్చేందుకు సుప్రీంకోర్టు ప్రయత్నించాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతోంది. కిటుకంతా ఆ ‘ప్రయత్నించాలి’లో ఉంది. గడువు దాటితే అడిగేవారు లేరు. సర్పంచి ఎన్నికలకైతే ఆ చట్టమే వర్తించదు, అవి రాష్ట్ర చట్టాల కిందికి వస్తాయి.

ఆ ‘ప్రయత్నం’ ఎలా ఉంటుందో కొత్తగూడెం ఓటర్లను అడగాలి. 2018 డిసెంబరు అసెంబ్లీ ఎన్నికల్లో అక్కడ వనమా వెంకటేశ్వరరావు గెలిచారు. అఫిడవిట్‌లో తప్పుడు వివరాలిచ్చారంటూ ఓడిన ప్రత్యర్థి జలగం వెంకట్రావు కోర్టుకెళ్లారు. వనమా ఎన్నిక చెల్లదని, జలగమే ఎమ్మెల్యే అని తెలంగాణ హైకోర్టు తీర్పిచ్చింది 2023 జులై 25న. ఆగస్టు 7న సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. నవంబరు 30న జనం మళ్లీ పోలింగ్ బూత్‌ల ముందు వరుస కట్టారు. పాత సీటు ఎవరిదో తేలేలోపే కొత్త ఎన్నికలొచ్చేశాయి.

బువానా లాఖుకు ఆ గతి పట్టలేదు. ఆగస్టు 6న యంత్రాలు అంకెలు చెప్పాయి. మొత్తం 3,767 ఓట్లు. కుల్దీప్ సింగ్‌కు 1,000. మోహిత్ కుమార్‌కు 1,051.

ఓడిపోయాడన్న మనిషి 51 ఓట్లతో గెలిచాడు!

ఆగస్టు 11న జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ దీపాంకర్ దత్తా, జస్టిస్ కోటీశ్వర్ సింగ్‌ల ధర్మాసనం హైకోర్టు తీర్పును పక్కనపెట్టింది. రెండు రోజుల్లో మోహిత్‌ను సర్పంచిగా ప్రకటించాలని అధికారులను ఆదేశించింది. మిగిలిన అభ్యంతరాలేవైనా ఉంటే ట్రిబ్యునల్ ముందు చెప్పుకోవచ్చని ఇరుపక్షాలకూ వెసులుబాటిచ్చింది.

జులై 31 ఆదేశం నుంచి తీర్పు దాకా పట్టింది పదకొండు రోజులు. పోలింగ్ నాటి నుంచి లెక్కేస్తే 33 నెలలు. అయిదేళ్లంటే 60 నెలలు. ఊరు ఎన్నుకున్న సర్పంచికి మిగిలింది సగం కూడా కాదు.

ఆ 1,051 మాత్రం కొత్తగా పుట్టిన అంకె కాదు. 2022 నవంబరు 2 సాయంత్రం నుంచీ ఆ యంత్రాల్లోనే ఉంది.