మూగచిత్రముల హాస్యము

హాస్యమునకు రెండు త్రోవలు గలవు. బలహీనుని పాటును జూచి నవ్వుట యొకటి. బలవంతుని దర్పము భగ్నమగుట జూచి నవ్వుట మఱియొకటి. మూగచిత్రముల కాలమునాటి చిన్న హాస్యకథలలో నీ రెండును గలసియున్నవి. వాని యాకర్షణము నెఱుగుటకు ముందీ భేదమును గుర్తింపవలెనని మా యభిప్రాయము.

1895వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన పారిసునగరమున లూమియేరు సోదరులు రుసుము గొని ప్రదర్శించిన చిత్రములలో నొక తోటమాలి కథ యుండెను. ఒక బాలుడు నీటిగొట్టమును కాలితో ద్రొక్కిపట్టును. నీరు రాదేమని మాలి గొట్టపు మూతిలోనికి జూచును. బాలుడు కాలు దీయును. నీరు మాలి మొగమున జిమ్మును. నిమిషమైన బట్టని యీ కథకు భాషతో బనిలేదు.

ఆ మూగతనమే దానికి బలమయ్యెను. 1905లో అమెరికాలోని పిట్సుబర్గున ఐదుసెంట్ల రుసుముతో "నికెలోడియన్" అను ప్రదర్శనశాల తెఱవబడెను. అనతికాలముననే యట్టివి వేలకొలది వెలసెను. ఇటలీనుండియు రష్యానుండియు వలసవచ్చి, ఇంగ్లీషు చక్కగా రాని కూలివారును, వారి స్త్రీలును, బిడ్డలును నచట దుబాసి లేకయే నవ్వగలిగిరి.

1912లో మాక్ సెనెట్ స్థాపించిన కీస్టోన్ సంస్థ పోలీసుభటులనే యొకరిపై నొకరు పడునట్లు పరుగెత్తించెను. నిత్యము తాము వెఱచు నధికారము తెరమీద నవ్వులపాలగుట జూచి పేదలానందించుట స్వాభావికమే కదా. 1914లో ఆ సంస్థలోనే చార్లీ చాప్లిన్ తన దేశద్రిమ్మరి వేషమును ధరించెను. బాల్యమున లండనులోని పేదల శ్రమశాలలో దినములు గడపిన యతనికి దారిద్ర్యము కల్పన కాదు. 1917లో అతడు తీసిన "ది ఇమ్మిగ్రెంట్" అను చిత్రమున, ఓడలోని వలసదారులు స్వాతంత్ర్యదేవతా విగ్రహమును జూచుచుండగనే, యధికారులు త్రాడడ్డముగా బిగించి వారిని వెనుకకు నెట్టుదురు. ఉపన్యాసమేమియు లేదు. నవ్వు పెదవులమీదనే నిలిచిపోవును.

మన సంస్కృతనాటకముల విదూషకుడు రాజునెదుట నిర్భయముగా మాటలాడును. కాని యతని మోదకములు రాజుగారివే. ఈ దేశద్రిమ్మరికి రాజును లేడు, కూడును లేదు.

అయినను పాతవన్నియు మంచివని నెత్తికెత్తుకొనరాదు. తెల్లవారు మొగమునకు మసి పూసికొని నల్లజాతివారిని వెక్కిరించిన చిత్రములును ఆ కాలమున నవ్వు పుట్టించినవే. నేడివన్నియు మన యిండ్లలో, అఱచేతి తెరలమీదనే లభించుచున్నవి. బిడ్డలను వారింప బనిలేదు. వారు నవ్వినప్పుడు, పడినవాడెవడు, పడద్రోసినవాడెవడు అని తల్లిదండ్రులు ప్రక్కన గూర్చుండి యడిగిన జాలును.