ఉప్పునీళ్లలో పచ్చగా నిలిచే మడ.. ఆ గుట్టు వరికి పనికొస్తుందా?

బాపట్ల జిల్లా నిజాంపట్నం తీరంలో పోటు వస్తే సముద్రపు నీళ్లు మడ చెట్ల మొదళ్లను ముంచేస్తాయి. అదే నీళ్లు వరి చేలోకి వస్తే రైతు ఇక ఆ పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. మడ మాత్రం పచ్చగానే ఉంటుంది. ఎలా?

ఇక్కడ పెరిగే తెల్ల మడ శాస్త్రీయ నామం అవిసెన్నియా మెరీనా. దీని వేళ్లు ఉప్పును చాలావరకు బయటే ఆపేస్తాయి. లోపలికి చేరిన కాస్త ఉప్పును ఆకుల్లోని గ్రంథులు బయటికి కక్కేస్తాయి. ఎండలో ఆకు మీద మెరిసే తెల్లటి పలుకులు అవే. నాలుక ఆనిస్తే తెలిసిపోతుంది!

అసలు సంగతి జన్యువుల్లో ఉంది. ఉప్పు ఎక్కువైతే మొక్క కణాల్లో హాని చేసే ఆక్సిజన్ రూపాలు పుడతాయి. వాటి పని పట్టే ఎంజైమ్ పేరు సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్. దాన్ని తయారుచేసే జన్యువును చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ శాస్త్రవేత్తలు ఈ జాతి మడ నుంచి తీసి పూసా బాస్మతి-1 వరిలో పెట్టారు. ఆ వరి మామూలు దానికన్నా ఉప్పును బాగా తట్టుకుందని 2008లో ప్రచురించారు. కానీ మన దేశంలో జన్యుమార్పిడి వరి సాగుకు అనుమతి లేదు. అందుకే అది పొలం దాకా రాలేదు.

2025 మేలో కేంద్రం ప్రకటించిన పూసా డీఎస్టీ రైస్-1 దారి వేరు. ఇందులో మడ జన్యువు లేదు. మన రైతులకు బాగా తెలిసిన ఎంటీయూ-1010, అదే కాటన్‌దొర సన్నాలులో, ఉన్న జన్యువునే ఒకదాన్ని ఎడిట్ చేశారు. కరువునూ, ఉప్పు నేలలనూ తట్టుకునేందుకు.