తొడయెముక విఱిగిన కారణము – చిట్టాలోని చరిత్ర



ముసలితనమున తొడయెముక విఱుగుట మన పల్లెలలో క్రొత్త సంగతి కాదు. జాఱిపడెను, తుంటి విఱిగెను, మంచము పట్టెను అని మూడు ముక్కలలో ఆ కథను ముగించుట మనకు వాడుక. ఆ మూడింటిలో మొదటి ముక్కయే సందేహింపదగినది. పడుటచేత ఎముక విఱిగినదా? లేక ఎముక ముందే వ్యాధిచేత పాడైయుండుటచే అంత స్వల్పమైన పాటునకు విఱిగినదా? ఈ భేదమును కాగితముమీద వ్రాయ నేర్చుటకు వైద్యలోకమునకు తరతరములు పట్టినది. ఆ చరిత్రనే నేడు మీకు మనవి చేసెదను.

పూర్వము గ్రామకరణము పల్లపుచేనును మెట్టయని వ్రాసినచో, గట్టున నీరు పాఱుచున్నను కాగితములలో అది మెట్టయే. శిస్తును తగవును ఆ వ్రాతను బట్టియే నడచెడివి. రోగిని గూర్చిన వ్రాతయు నట్టిదే. వ్రాసిన పేరును బట్టియే తరువాతి చికిత్స, ఖర్చు, దేశపు లెక్కలు అన్నియు నడచును.

17వ శతాబ్దమున లండను నగరములో వారమువారమును మరణపు పట్టీలు ప్రకటింపబడుచుండెను. ఎవరు దేనిచేత చనిపోయిరో చూచి చెప్పుటకు పేటపేటకును వృద్ధస్త్రీలను నియమించిరి. వారు వైద్యము నేర్చినవారు కారు. 1662లో జాన్ గ్రాంటు అను వర్తకుడు ఆ పట్టీలను పోగుచేసి, లెక్కలు కట్టి, ఒక గ్రంథము ప్రకటించెను. ఆ పట్టీలలో వృద్ధాప్యమున కొక వరుస, ప్రమాదములకొక వరుస కలవు. తుంటి విఱిగి, నెలలు మంచమున నుండి కన్నుమూసిన అవ్వను ఏ వరుసలో వేయవలయును? దేనిలో వేసినను ఆమె యెముక సంగతి మఱుగుపడును.

1822లో లండనులోని శస్త్రవైద్యుడు ఆస్ట్‌లీ కూపరు కీళ్లు తొలగుటను, ఎముకలు విఱుగుటను గూర్చి పెద్ద గ్రంథము వ్రాసెను. తొడయెముక మెడ విఱుగుట ముఖ్యముగా వృద్ధులలో, అందును స్త్రీలలో, కానవచ్చుచున్నదనియు, కాలుజాఱుటవంటి చిన్న కారణమే అందులకు చాలుననియు, వయసు మీఱిన కొలది ఎముక పలుచనగుటయే మూలమనియు ఆయన గమనించెను. ఒక వైద్యునకు తెలిసినది. కాని లెక్కలలోనికి ఎక్కలేదు.

1837లో ఇంగ్లాండున జననమరణములను నమోదు చేయు చట్టము అమలులోనికి వచ్చెను. ఆ శాఖలో పనిచేసిన విలియం ఫార్ అను వైద్యుడు, ఒకే రోగమునకు నాలుగు పేర్లును, నాలుగు రోగములకు ఒకే పేరును వాడినంతకాలము లెక్కలకు విలువ లేదని వాదించెను. 1893లో చికాగో నగరమున జాక్ బెర్తిల్లాన్ అను ఫ్రెంచి పండితుడు మరణకారణముల పట్టికను సమర్పింపగా, 1900లో పారిసున కూడిన ప్రభుత్వ ప్రతినిధులు దానిని సవరించి అంగీకరించిరి. అయినను అది మృతుల పట్టికయే. ఎముక విఱిగియు బ్రదికి, కఱ్ఱపోటుతో నడచువారికి అందు చోటు లేదు. 1948లో ప్రపంచ ఆరోగ్యసంస్థ చేపట్టిన ఆఱవ సవరణతోనే జీవించియున్న రోగుల వ్యాధులకును గాయములకును ఆ పట్టికలో స్థానము కలిగెను.

1990లో ఆమోదము పొందిన పదియవ సవరణలో మన విషయము స్పష్టముగ రెండు త్రోవలైనది. దెబ్బచేత విఱిగిన తొడయెముకకు ఎస్ 72 అను సంకేతము. ఎముక గుల్లబాఱి విఱిగినచో ఎం 80. అమెరికాలో 2015 అక్టోబరు 1 నుండి అమలునకు వచ్చిన కూర్పున ఇది మఱింత విస్తరించినది. రాచపుండు, అనగా క్యాన్సరు, ఎముకకు సోకి విఱిగినచో అందు ఎం 84.5, ఇతరవ్యాధిచేత నైనచో ఎం 84.6. ఎం 80.051ఎ అని వ్రాసినచో, వయసుచే గుల్లబాఱిన కుడి తొడయెముక విఱిగినదనియు, విఱుపునకు చికిత్స జరుగుచున్నదనియు అర్థము. ఒక్క సంకేతములో కారణము, స్థానము, ప్రక్క, చికిత్సాదశ నాలుగును ఇమిడియున్నవి.

ఆ కూర్పు నియమములలో నాకు మిక్కిలి నచ్చినది ఒకటి కలదు. రోగికి ఎముకలు గుల్లబాఱినవని తెలిసియుండగా, ఆరోగ్యవంతుని యెముకను సాధారణముగ విఱుపజాలని చిన్న పాటునకు ఎముక విఱిగినచో, దానిని దెబ్బగా వ్రాయరాదు, వ్యాధిగానే వ్రాయవలయును. కూపరు 1822లో కనిపెట్టిన సత్యము చిట్టాలో శాసనమగుటకు ఇంతకాలము పట్టినది.

క్రొత్త పేర్లు పుట్టుట నేటికిని ఆగలేదు. ఎముకలను గట్టిపఱచుటకై కొన్ని మందులను ఏండ్ల తరబడి వాడిన వారిలో కొలదిమందికి తొడయెముక నడిభాగమున ఒక వింతవిఱుపు కలుగుట వైద్యులు చూచిరి. అమెరికా కూర్పులో దానికి 2016 అక్టోబరులో వేఱు సంకేతము ఏర్పడినది. అటువంటి రోగులను లెక్కించి, ఆ మందు ఎవరికి ఎంతకాలము ఈయవలయునో తేల్చుటకు ఇది తోడ్పడును.

ఈ సంకేతములను వ్రాయుపని మనకు దూరమైనది కాదు. హైదరాబాదు నగరమున అనేకులైన తెలుగు యువతీయువకులు అమెరికా ఆస్పత్రుల కాగితములు చదివి సంకేతములు వేయుటయే జీవనముగా గలవారు. మీ గ్రామపు బిడ్డలును వారిలో నుండవచ్చును. వారికొక కట్టడి కలదు: ఊహించి వ్రాయరాదు. వైద్యుడు ‘పడెను, విఱిగెను’ అని మాత్రమే వ్రాసినచో, వయసు ఎనుబదియైనను, ఎముక గుల్లయని తమకు తోచినను, వారు వ్యాధిసంకేతము వేయరాదు. సందేహమున్నచో వైద్యునే తిరిగి అడుగవలయును.

కావున మూలము వైద్యుని వ్రాత. వైద్యుని వ్రాతకు మూలము రోగి చెప్పిన మాట. దెబ్బయని వ్రాసిన చోట ఎముకను అతికించి ఇంటికి పంపుటతో పని ముగియవచ్చును. వ్యాధియని వ్రాసిన చోట ఎముకసాంద్రత కొలుచుట, మందు, ఆహారము, మరల పడకుండ జాగ్రత్త అను తరువాతి మెట్లు గుర్తునకు వచ్చును. ఒకసారి ఇట్లు విఱిగినవారికి మఱియొక యెముక విఱుగు భయము ఇతరులకంటె హెచ్చు. మొదటి కాలికి జరిగినది రెండవ కాలికి జరుగకుండ చూచుకొనుట ఆ తరువాతి మెట్ల ప్రయోజనము.

ఇంటిలో పెద్దవారికిట్టి యాపద కలిగినప్పుడు, ఎంత యెత్తునుండి పడిరో, పడకముందే తొడలో నొప్పి యుండెనో, పూర్వము మణికట్టుగాని వెన్నుగాని విఱిగెనో, రాచపుండునకు చికిత్స పొందిరో, స్టెరాయిడు మందులు చాలకాలము వాడిరో వైద్యునకు చెప్పుడు. ఆస్పత్రి విడుచునప్పుడిచ్చు కాగితమున విఱుపునకు కారణము వ్రాయుమని మర్యాదగా కోరుడు. ఆ కాగితమును భూమిపత్రములతో పాటు భద్రముగ దాచుకొనుడు.