గాదెలో ధాన్యం, నోటు మీద బాకీ

ఇక్కడ పార్సిప్పనీలో ఇంటి అప్పుకు నెలనెలా వాయిదా కట్టే మనకు మన తాతముత్తాతల పద్దులు వింతగా తోచవచ్చు.

ధవళేశ్వరం (1852), బెజవాడ (1855) ఆనకట్టలు వచ్చాక గోదావరి, కృష్ణా డెల్టాల్లో వరి విరివిగా పండింది. అయినా రైతు రూపాయి కళ్లజూసేది పంట అమ్మాకే. చాకలి, మంగలి, వడ్రంగి, పాలేరు అందరికీ ధాన్యమే కొలిచేవారు. ఉప్పూ పప్పులకు ఇల్లాలు అమ్మిన నెయ్యి ఆదుకునేది. శిస్తు, వడ్డీ మాత్రం రొక్కంగా చెల్లించాలి.

చిక్కంతా అక్కడే వచ్చింది. 1929 తరువాత ఆర్థికమాంద్యంలో ధాన్యం ధర పడిపోయింది. శిస్తు ఆ మేరకు తగ్గలేదు. నోటు మీది అంకె అసలే తగ్గలేదు. వెనుకటి బాకీకే రెట్టించి బస్తాలు తోలవలసి వచ్చింది. ఎన్నో పొలాలు చేతులు మారాయి.

1938లో రాజాజీ మంత్రివర్గం మద్రాసు వ్యవసాయదారుల రుణవిమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందరి అప్పులపై, 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దయింది. అసలుకు రెండింతలు ముట్టజెప్పినవారికి బాకీయే తీరింది. భూమి లేని కూలీకి మాత్రం అందులో చోటు దక్కలేదు.

మీ ఇంటి పెట్టెలో చెల్లువేసిన పాత నోటు ఉంటే పిల్లలకు చదివి వినిపించండి. మన పొలం ఎలా నిలిచిందో, ఎలా పోయిందో అదే చెబుతుంది.