స్త్రీలు బరువు లెత్తరాదా?

తిరగలి త్రిప్పుట, రోకటితో వడ్లు దంచుట, చెరువునుండి నీళ్లు తెచ్చుట, కోతకాలమున వరిమోపులు మోయుట - ఇవి మన పల్లెలలో తరతరములుగా స్త్రీలు చేయుచు వచ్చిన పనులు. 15 లీటర్ల నీటి బరువు 15 కిలోగ్రాములు. అంత నీరు పట్టిన బిందెను నేలనుండి నడుమునకు, నడుమునుండి తలమీదికి ఎత్తి మైలు దూరము నడచి వచ్చిన స్త్రీని చూచి ఎవరును ఆశ్చర్యపడలేదు. స్త్రీల బరువుల పోటీలలో వాడు ఉక్కు కడ్డీ బరువు కూడ సరిగా 15 కిలోగ్రాములే. కాని ఆ కడ్డీని తాకుటకు మాత్రము స్త్రీ తగదనిరి. మన సాముగరిడీలలోను, తాలింఖానాలలోను, పాశ్చాత్య దేశముల వ్యాయామశాలలలోను చిరకాలము ఇదియే కట్టుబాటు. కొన్నిచోట్ల అది వ్రాసిన నియమము. పెక్కుచోట్ల వ్రాయని నియమము.

ఈ కట్టుబాటునకు ఆచారము మాత్రమే ఆధారమైనచో విజ్ఞానశాస్త్రమునకు దానితో పనిలేదు. కాని 19వ శతాబ్దినుండి దీనికి శాస్త్రము పేరుననే కారణములు చెప్పుచు వచ్చిరి. బరువులెత్తినచో స్త్రీ ఆరోగ్యము చెడుననియు, ఆమె కండరములు పురుషుని కండరములవలె ఉబ్బుననియు, అసలామె శరీరమే అందుకు తగినది కాదనియు వాదించిరి. శాస్త్రము పేరున చెప్పిన మాటను శాస్త్రరీతినే పరీక్షింపవలెను. ఆ పరీక్ష ఎట్లు జరిగినదో, ఎవరు జరిపిరో తెలిసికొందము.

ఎముకల సాక్ష్యము

ఎముక రాయివంటి జడపదార్థము కాదు, అది జీవముగలది. తనపై పడు భారమును బట్టి ఎముక తన నిర్మాణమును మార్చుకొనుచుండునని జర్మను శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో ప్రకటించెను. శ్రమపడు ఎముక దృఢమగును. శ్రమలేని ఎముక బలహీనమగును. కావున వేల సంవత్సరముల క్రిందట మరణించిన మనిషి ఎట్టి పనులు చేసెనో ఆ మనిషి ఎముకలను బట్టి కొంతవరకు ఊహింపవచ్చును.

2017లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు మధ్య ఐరోపాలో దొరికిన ప్రాచీన స్త్రీల ఎముకలను నేటి స్త్రీల ఎముకలతో పోల్చిరి. నేటి స్త్రీలలో పడవ పందెములకై కఠినశిక్షణ పొందుచున్న విశ్వవిద్యాలయ క్రీడాకారిణులును ఉండిరి. సుమారు 7,000 సంవత్సరముల క్రిందట, ఆ ప్రాంతమున వ్యవసాయము క్రొత్తగా నెలకొన్న దినములలో జీవించిన స్త్రీల దండ ఎముక, అనగా భుజమునుండి మోచేతివరకు గల ఎముక, ఈ క్రీడాకారిణుల ఎముకకంటె 11 మొదలు 16 శాతము వరకు ఎక్కువ దృఢముగా నుండెను. కాళ్ల ఎముకలలో ఇట్టి ఆధిక్యము కనబడలేదు. నేల త్రవ్వుట, పంట కోయుట, ముఖ్యముగా ధాన్యమును రాతిపై గంటల తరబడి నూరుట ఇందుకు కారణములై యుండునని వారు తలచిరి. తిరగలి నెరిగిన మనకు ఈ ఊహ సులభముగనే బోధపడును. స్త్రీ శరీరము బరువునకు తగదను మాటను ఈ ఎముకలు సమర్థింపవు.

శక్తి నిలువసొమ్ము వంటిదా?

1873లో బోస్టను నగర వైద్యుడు ఎడ్వర్డు క్లార్కు బాలికల విద్యను గూర్చి ఒక గ్రంథము ప్రచురించెను. శరీరమునందలి శక్తి పెట్టెలోని సొమ్మువలె మితమైనదనియు, ఒకచోట ఖర్చైనచో మరియొకచోట కొరతపడుననియు అతని వాదము. యౌవనదశలోనున్న బాలిక కఠినముగా చదివినచో గర్భాశయము మున్నగు అవయవముల పెరుగుదలకు శక్తి చాలదట! ఋతుకాలమున మనస్సునకును శరీరమునకును పూర్తి విశ్రాంతి అవసరమట! అతడు చూపిన ఆధారములు కొందరు రోగుల వృత్తాంతములు. ఆరోగ్యముగా నున్నవారు వైద్యుని యొద్దకు రారు గదా! అయినను ఆ గ్రంథము త్వరలోనే పెక్కు ముద్రణములు పొందెను. చదువును గూర్చి పుట్టిన ఈ వాదమునే వ్యాయామమునకును అన్వయించిరి.

దీనికి సమాధానము న్యూయార్కు వైద్యురాలు మేరీ పుట్నం జాకోబి చెప్పెను. ఋతుకాలమున స్త్రీలకు విశ్రాంతి అవసరమా అను విషయముపై హార్వర్డు విశ్వవిద్యాలయము బాయిల్స్టన్ బహుమానమునకు వ్యాసములు కోరగా, ఆమె కేవలము వాదముతో తృప్తిపడలేదు. స్త్రీలకు ప్రశ్నావళి పంపి 268 మంది నుండి సమాధానములు సేకరించెను. నాడి కొట్టుకొనుటను కాగితముపై గీతలుగా గీయు యంత్రముతో నాడిని పరిశీలించెను. కండరముల బలమును కొలిచెను. ఆరోగ్యవంతురాలై, తగిన ఆహారము గల స్త్రీకి ఆ దినములలో పని మానవలసిన అవసరమేదియు శరీరధర్మమునందు కనబడదని నిర్ణయించెను. 1876లో బహుమానము ఆమెకే లభించినది. వ్యాసములు పేరు లేకుండ పంపు పద్ధతి యగుటచే, వ్రాసినది స్త్రీయని పరీక్షకులు ముందుగా ఎరుగరు. హార్వర్డు వైద్యకళాశాలలో స్త్రీలకు ప్రవేశము మాత్రము 1945లో గాని కలుగలేదు.

సర్కసు గుడారమున

ఒక వ్యాసముతో లోకాభిప్రాయము మారదు. బలముగల స్త్రీకి ఆ దినములలో దొరకిన వేదిక సర్కసు గుడారము. మన వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి తన బలప్రదర్శనములతో ప్రఖ్యాతి గాంచిన కాలముననే, ఐరోపా అమెరికాలలో కేటీ శాండ్వినా పేరు మారుమ్రోగెను. ఆమె 1884లో వియన్నాలో ఒక సర్కసు కుటుంబమున పుట్టినది. భర్తను ఒంటిచేత తలపైకి ఎత్తి చూపుట ఆమె ప్రదర్శనములలో ఒకటి. 1911లో ఆమె 296 పౌనులు, అనగా సుమారు 134 కిలోగ్రాములు, తలపైకి ఎత్తినదని చెప్పుదురు. 1912లో బార్నం అండ్ బెయిలీ సర్కసులోని స్త్రీలు ఓటుహక్కుకై సంఘముగా ఏర్పడినప్పుడు ఆమె దానికి ఉపాధ్యక్షురాలయ్యెను.

కాని సర్కసులో చూపిన బలము ప్రేక్షకులకు వింతగానే మిగిలినది. వేయిమందిలో ఒకతె అట్లు పుట్టినదనుకొని వారు ఇండ్లకు పోయిరి. సామాన్య స్త్రీ సాధనచేసి బలము సంపాదింపగలదా అను ప్రశ్న అట్లే యుండెను.

సాధనకు ఒక పద్ధతి

రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలోర్మ్ గాయపడిన సైనికుల కాళ్లకు మరల బలము తెచ్చు మార్గమును వెదకుచుండెను. తేలిక వ్యాయామమును ఎన్నో మారులు చేయించుట అప్పటి వాడుక. ఇతడు అందుకు మారుగా, కొలదిమార్లే ఎత్తగల పెద్ద బరువునిచ్చి, బలము పెరిగినకొలది బరువును పెంచుచు పోయెను. ఫలితములను 1945లో ప్రకటించెను. నేడు వ్యాయామశాలలలో బరువుల సాధనకు ఈ క్రమవృద్ధి సూత్రమే పునాది.

ఆ కాలముననే కాలిఫోర్నియాలో సాంటా మోనికా సముద్రతీరమున వ్యాయామప్రియులు గుమిగూడుచుండిరి. వారిలో ఆబీ స్టాక్టన్ (1917-2006) అను యువతి బరువులెత్తుచు, మనుష్యులను తలపై నిలుపుచు చూపరుల నాకర్షించినది. 1944 నుండి ఆమె ఒక వ్యాయామ మాసపత్రికలో స్త్రీలకై బరువుల సాధనను గూర్చి శీర్షిక నడపెను. 1947లో లాస్ ఏంజిలిస్ నగరమున స్త్రీలకు బరువుల పోటీ జరిపించుటలో ఆమెయే ముందు నిలిచినది. ఆ పోటీలో క్లీన్ అండ్ జెర్క్ పద్ధతిలో ఆమె 135 పౌనులు, అనగా 61 కిలోగ్రాములు, ఎత్తెను. శాండ్వినా ఎత్తిన బరువులో ఇది సగమునకు తక్కువ. కాని ఇందొక విశేషము కలదు. శాండ్వినా పుట్టుకతోనే బలశాలి యనిపించుకొన్నది. స్టాక్టన్ సాధనతో బలము సంపాదించినది. ఆమెవలె తామును చేయవచ్చునని పత్రిక చదివిన స్త్రీలకు తోచినది.

ప్రయోగశాల తీర్పు

ఇక కండరముల సంగతి. సగటున స్త్రీల చేతుల బలము పురుషుల చేతుల బలములో సగమునకు కొంచెము ఎక్కువ. కాళ్ల బలము సుమారు మూడింట రెండు వంతులు. ఇది కొలిచి తెలిసికొన్న సత్యము. దీనిని కాదనవలసిన పనిలేదు. స్త్రీ కండరము వేరొక పదార్థముతో చేయబడినదా, లేక పరిమాణముననే తక్కువా అనునది అసలు ప్రశ్న.

1968లో జపాను శాస్త్రజ్ఞులు ఇకాయి, ఫుకునాగ అనువారు దీనిని పరీక్షించిరి. చెవికి వినబడని అతిధ్వనులను చేతిలోనికి పంపి, వాటి ప్రతిధ్వనులవలన కండరపు అడ్డుకోత వైశాల్యమును కొలిచిరి. పిదప ఆ కండరము లాగు బలమును ఆ వైశాల్యముచే భాగించిరి. చదరపు సెంటిమీటరునకు సుమారు 6 కిలోగ్రాముల బలము వచ్చినది. బాలురు, బాలికలు, స్త్రీలు, పురుషులు - అందరిలోను ఈ సంఖ్య ఇంచుమించు సమానమే! త్రాడు సన్నమైనదో లావైనదో కావచ్చును గాని నార ఒక్కటే యని దీని భావము.

సాధనచేసినచో స్త్రీల కండరములు పురుషులవలె ఉబ్బునను భయమును 1974లో అమెరికా శాస్త్రజ్ఞుడు జాక్ విల్మోర్ పరిశీలించెను. స్త్రీలకును పురుషులకును వారమునకు రెండు దినముల చొప్పున 10 వారములు ఒకే తీరు శిక్షణ ఇచ్చెను. శాతముల లెక్కన స్త్రీల బలము పురుషుల బలముతో పాటుగా పెరిగినది. బల్లపై వెల్లకిల పండుకొని బరువు నెట్టుటలో వారి వృద్ధియే ఎక్కువ. కాని కండరముల లావు మాత్రము స్త్రీలలో స్వల్పముగనే పెరిగెను. కండరములను లావు చేయుటలో ప్రముఖమైన టెస్టోస్టిరోన్ హార్మోను వయోజన పురుషుల రక్తమున స్త్రీలకంటె పదిరెట్లకు మించి యుండును. మరియు సాధన మొదటి వారములలో బలము పెరుగుట కండరము లావగుటవలన కంటె, నాడులు ఎక్కువ కండరతంతువులను ఒక్కసారిగా పనిలో పెట్ట నేర్చుకొనుటవలన కలుగును.

1994లో అమెరికాలో మిరియం నెల్సన్, ఆమె సహచరులు ఋతువు లుడిగిన 50-70 సంవత్సరముల స్త్రీలకు వారమునకు రెండు దినముల వంతున ఒక సంవత్సరము బరువుల సాధన చేయించిరి. సాధన చేసినవారి తుంటి, వెన్నెముకల ఎముక సాంద్రత సుమారు 1 శాతము పెరిగినది. చేయనివారిలో అది సుమారు 2 శాతము తగ్గినది. బరువువలన స్త్రీలకు హాని యనిన వాదము ఇచట తలక్రిందులైనది.

పోటీ వేదికపై

పురుషుల బరువుల పోటీ 1896 ఏథెన్సు ఒలింపిక్సులోనే యుండెను. స్త్రీలకు ప్రపంచస్థాయి పోటీ మొదట జరిగినది 1987లో, అమెరికాలోని డేటోనా బీచిలో. అందు స్వర్ణపతకము గెలిచిన వారిలో ఒకరు కారిన్ మార్షల్. ఆమె 1985లోనే క్లీన్ అండ్ జెర్క్‌లో 303 పౌనులు ఎత్తి శాండ్వినా పేర నున్న 296 పౌనుల రికార్డును దాటినది. 1989 ప్రపంచపోటీలలో మణిపురమునకు చెందిన కుంజరాణీదేవి రజతపతకములు తెచ్చెను.

ఇంతలో ఆంధ్రదేశమున బలవంతుల జిల్లాగా పేరుపడిన శ్రీకాకుళమునుండి ఒక బాలిక బయలుదేరినది. ఆముదాలవలస దగ్గరి ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 12 సంవత్సరముల ప్రాయమున నీలంశెట్టి అప్పన్న శిక్షణలో బరువులు పట్టినది. 1994, 1995 సంవత్సరములలో 54 కిలోల తరగతిలో ప్రపంచవిజేత యయ్యెను. 2000లో సిడ్నీ ఒలింపిక్సులో స్త్రీల బరువుల పోటీకి తొలిసారి స్థానము లభించినది; పురుషుల పోటీ మొదలై అప్పటికి 104 సంవత్సరములు. అచట 69 కిలోల తరగతిలో ఆమె నేలనుండి ఒకే ఊపున తలపైకెత్తు స్నాచ్‌లో 110 కిలోలు, మొదట భుజములకు, పిదప తలపైకి ఎత్తు క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు, మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్యపతకము గెలిచినది. స్వర్ణ రజతములు పొందినవారు ఎత్తినది 242.5 కిలోలు. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ వనిత ఆమెయే. ఆ క్రీడలలో పురుషులకు 8 తరగతులు, స్త్రీలకు 7. 2021లో జరిగిన టోక్యో క్రీడలలో ఇరువురికిని 7 చొప్పున సమానమైనవి. అందు మీరాబాయి చాను 202 కిలోలెత్తి రజతము గెలిచెను.

పాఠశాలలో

పతకములు కొందరికే, ఎముకలు అందరికి. వయోజనుల ఎముకలలోని ఖనిజములో సుమారు నాలుగవ వంతు, యౌవనారంభమున ఎముకలు అతివేగముగా బలపడు రెండు సంవత్సరములలోనే చేరును. బాలికలలో ఇది సుమారు 12, 13 సంవత్సరముల ప్రాయము. సరిగా ఆ ప్రాయముననే మన పాఠశాలలలో పెక్కుమంది బాలికలు ఆటస్థలము విడిచి చెట్టునీడన కూర్చుండుట ఉపాధ్యాయు లెరిగినదే. అప్పుడు చేరని ఖనిజమును ముదిమిలో చేర్చుకొనుట కష్టము.

బరువులెత్తిన పిల్లలు పొట్టివారగుదురను భయమునకు ఆధారము లేదు. తెలిసిన శిక్షకుని యెదుట, తేలిక బరువుతో మొదలిడి, ఎత్తు తీరు సరిగా కుదిరిన పిమ్మటనే బరువు పెంచుచు చేయు సాధన బాలబాలికలకు క్షేమకరమని వైద్యులు అంగీకరించుచున్నారు. నడుము వంచి, ఊపుతో లాగుటవలననే హాని. వెన్ను నిటారుగా నుంచి, మోకాళ్లు వంచి, బరువును శరీరమునకు దగ్గరగా పట్టి లేచుట మొదటి పాఠము. కడ్డీలు, చక్రములు లేని పాఠశాలలో ఇసుక సంచి చాలును.

నేటి వ్యాయామశాలలలోను, పరుగుయంత్రములు ఒకవైపు, ఇనుప బరువులు మరియొకవైపు ఉండగా, రెండవ వైపునకు పోవుటకు సంకోచించు స్త్రీలు కలరు. పాఠశాలలో వ్యాయామపు గంట కొట్టినప్పుడు బాలురతో పాటు బాలికలకును బరువునిచ్చి, నెలకొకసారి ఎవరి వృద్ధి ఎంతో పుస్తకమున వ్రాసి చూపినచో, ఆ సంకోచము చిన్ననాడే తొలగును.