పట్టనితనం కాదు, ఓపలేనితనం

డిప్రెషన్‌లో ఉన్న మనిషి గురించి ఇంట్లోవాళ్లు తరచూ అనే మాట ఒకటుంది: "ఎవరు ఏమైపోయినా పట్టదు, రాయిలా కూర్చుంటుంది." ఇది చాలా పాత నింద. దాన్ని నిజంగా పరీక్షించి చూసింది మాత్రం ఈ మధ్యనే.

హిప్పోక్రటీస్ కాలపు గ్రీకు వైద్యులు ఈ దిగులుకు కారణం ఒంట్లో నల్లపిత్తం పెరగడమేనన్నారు. ఆ నమ్మకం దాదాపు రెండు వేల ఏళ్లు నిలిచింది. 1917లో అచ్చయిన వ్యాసంలో ఫ్రాయిడ్ రోగి లక్షణాలు చెబుతూ, ప్రేమించే శక్తి పోవడాన్నీ, తనను తానే తిట్టుకోవడాన్నీ పక్కపక్కనే పెట్టాడు. లోకానికి మొదటిదే గుర్తుండిపోయింది. నావల్ల అందరికీ కష్టమేనని కుమిలిపోయే మనిషికి ఇతరులు పట్టరని ఎలా అనగలం?

1950లలో ఇమిప్రమిన్ వంటి మందులు రావడంతో పరిశోధకుల దృష్టి మెదడు రసాయనాల మీదికి మళ్లింది. అయితే ఇతరుల బాధ పట్టడం, అంటే సహానుభూతి విషయంలో అసలు మలుపు 1980లో వచ్చింది. అమెరికన్ మనస్తత్వవేత్త మార్క్ డేవిస్ దాన్ని విడదీసి కొలిచే ప్రశ్నావళి తయారుచేశాడు. ఎదుటివారి కోణంలోంచి ఆలోచించడం వేరు, వారి మీద జాలిపడటం వేరు, వారి బాధ చూసి మనమే తల్లడిల్లిపోవడం వేరు. ఈ తేడా తెలియకపోతే ఈ జబ్బు అర్థం కాదు.

2004లో లండన్‌లో తానియా సింగర్ బృందం 16 జంటలతో ఒక ప్రయోగం చేసింది. స్త్రీ స్కానర్‌లో పడుకుంటుంది, ఆమె భాగస్వామి పక్కనే ఉంటాడు. ఇద్దరి చేతులకూ ఎలక్ట్రోడ్లు. ఈసారి షాక్ ఎవరికో తెరమీద రంగు చెబుతుంది. షాక్ అతనికి తగిలినా ఆమె మెదడులో ముందరి ఇన్సులా, సింగ్యులేట్ భాగాలు తనకే తగిలినట్టు స్పందించాయి. మరుసటి ఏడాది టొరంటోలో హెలెన్ మేబర్గ్ బృందం, మందులకు లొంగని ఆరుగురు డిప్రెషన్ రోగుల మెదడులో ఆ సింగ్యులేట్‌కే చెందిన దిగువ భాగానికి సన్నని తీగలతో విద్యుత్తు పంపింది. నలుగురు కోలుకోసాగారు. దిగులుకూ పరుల బాధకూ మెదడులో ఇరుగుపొరుగు ఇళ్లే.

అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ పరిశీలించిన 2013 నాటి సమీక్ష నిందను తలకిందులు చేసింది. డిప్రెషన్‌లో జాలి తగ్గదు. పరుల బాధకు తల్లడిల్లడం పెరుగుతుంది. సన్నగిల్లేది ఎదుటివారి మనసులో ఏముందో పసిగట్టే శక్తి. బయటికి మొద్దుతనంలా కనిపించేది చాలాసార్లు ఇదే.

2019లో వియన్నా పరిశోధకులు ఇంకో చిక్కు బయటపెట్టారు. మందులు మొదలుపెట్టని 29 మంది రోగులకు, నొప్పి కలిగించే చికిత్స పొందుతున్నవారి వీడియోలు చూపితే, వారి స్పందన ఆరోగ్యవంతుల స్పందన లాగే ఉంది. మూడు నెలలు మందులు వాడాక ఆ స్పందన తగ్గింది. ఉత్తుత్తి మాత్రలిచ్చిన బృందం లేదు కాబట్టి నేరమంతా మందులదేనని తేల్చలేం. పైగా మితిమీరిన తల్లడింపు తగ్గడం రోగికి ఊరట కూడా కావచ్చు.

అందుకే మందులు సొంతంగా మానేయకండి. మనసు మొద్దుబారినట్టుంటే డాక్టరుకు చెప్పండి. ఇంట్లోవాళ్లు తమ మనసులో మాట సూటిగా, నెమ్మదిగా చెప్పాలి, తనంతట తానే గ్రహించాలని ఎదురుచూడకూడదు. సాయం కావాలంటే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఫోన్ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.