రొమ్ము క్యాన్సర్: ఒంటి బరువుకూ బతుకుకూ లెక్క ఏమిటి?

నెల్లూరు తీరంలోని తోటపల్లి గూడూరులో నాట్లకూ, రొయ్యల గుంటల పనికీ వెళ్లే ఆడవాళ్లకు ‘ఊబకాయం’ అనేది ఉన్నోళ్ల జబ్బుగా తోచవచ్చు. అయినా ఈ లెక్క మనకూ తెలియాలి.

పరిశోధనలు: 2014లో వచ్చిన ఒక సమీక్ష 82 అధ్యయనాల్లోని 2,13,075 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల వివరాలను కలిపి చూసింది. సరిపడా బరువున్నవారితో పోలిస్తే ఊబకాయం ఉన్నవారిలో మరణాల ముప్పు 41 శాతం ఎక్కువ. ముట్లుడగనివారిలో అది 75 శాతం. బాగా బక్కగా ఉన్నవారి విషయంలో తేడా స్పష్టంగా తేలలేదు.

కారణాలు: ముట్లుడిగాక ఒంట్లోని కొవ్వే ఈస్ట్రోజెన్‌ను తయారుచేస్తుంది. చాలా రొమ్ము కణుతులు దానితోనే పెరుగుతాయి. లావుగా ఉన్నారని కీమో మందు తగ్గించడం మరో ప్రమాదం. అసలు బరువుకు తగ్గ పూర్తి మోతాదే ఇవ్వాలని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2012లో సూచించింది.

కొలత: 150 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి 42 కిలోలకు తగ్గితే తక్కువ బరువు. మన దేశ ప్రమాణంలో 56 కిలోలు దాటితే ఊబకాయం.

అసలు ప్రశ్న: దళిత మహిళ అగ్రవర్ణ మహిళ కంటే సగటున 14.6 ఏళ్లు ముందే చనిపోతోందని ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018లో చెప్పింది. ఆ తేడాను ఆమె ఒంటి మీదికి నెట్టలేం. గడ్డ ముదిరాక ఆసుపత్రికి చేరడం, కూలి పోతుందని కీమో మధ్యలో ఆపడం కూడా ప్రాణాలు తీస్తాయి. అందుకే మనం అడగాల్సింది మూడు: ఊళ్లోనే రొమ్ము పరీక్ష, సరైన మోతాదు, చికిత్స సాగినన్నాళ్లూ తిండికీ దారి ఖర్చులకూ భరోసా.